పేరు, చోటు, వేలిముద్ర
సొంత రిపోజిటరీల నుంచి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు తెచ్చుకునే పద్ధతి

ఇవాళ దాదాపు ఏ సాఫ్ట్‌వేరూ మొదటి నుంచి చివరి దాకా ఒక్కరు రాసింది కాదు. తేదీలను సరిచూసే కోడు, ఫొటో సైజు తగ్గించే కోడు, డేటాబేస్‌తో మాట్లాడే కోడు ఎవరో ముందే రాసి ఉంటారు. అలాంటి కోడుకు ఒక పేరు, ఒక వర్షన్ నంబరు పెట్టి మూట కడితే అది ప్యాకేజీ. ఒక ప్రోగ్రాం నడవడానికి కావలసిన ప్యాకేజీలు దాని డిపెండెన్సీలు. వాటికి మళ్లీ డిపెండెన్సీలు ఉంటాయి. ప్రోగ్రామర్ తన జాబితాలో ఇరవై పేర్లు రాసుకుంటే చివరికి కంప్యూటర్‌లోకి దిగేవి కొన్ని వందలు కావచ్చు. ఈ గొలుసు మొత్తాన్ని తెచ్చిపెట్టేది ప్యాకేజీ మేనేజర్: జావాస్క్రిప్ట్‌కు ఎన్‌పీఎం, పైథాన్‌కు పిప్, పీహెచ్‌పీకి కంపోజర్, జావాకు మేవెన్. ప్యాకేజీలు నిలవ ఉండే చోటు రిపోజిటరీ.

ఈ గొలుసు ఎంత సన్నదో 2016 మార్చి 22న బయటపడింది. ఎన్‌పీఎం రిపోజిటరీలో ఒక ప్యాకేజీ పేరు మీద తగాదా వచ్చి, నొచ్చుకున్న అజర్ కోచులు అనే ప్రోగ్రామర్ తన ప్యాకేజీలన్నిటినీ తీసేశాడు. వాటిలో లెఫ్ట్‌ప్యాడ్ ఒకటి. ఒక పదానికి ఎడమవైపు ఖాళీలో సున్నాలో చేర్చడమే దాని పని; మొత్తం 11 వరుసలు. బేబెల్ లాంటి పెద్ద ప్యాకేజీలకు దానితో దూరపు చుట్టరికం ఉండటంతో ప్రపంచమంతటా బిల్డులు, అంటే కోడునూ డిపెండెన్సీలనూ కలిపి నడిచే ప్రోగ్రాంగా కట్టే పనులు, ఆగిపోయాయి. రెండు గంటల్లో ఎన్‌పీఎం దాన్ని తిరిగి పెట్టింది. ఆ రెండు గంటలూ పనికి అంతరాయం లేనిది ముందే తమ దగ్గర నకలు దాచుకున్నవాళ్లకే.

నకలు దాచుకోవడం ఒక్కటే సొంత రిపోజిటరీ పెట్టుకోవడానికి కారణం కాదు. వడ్డీ లెక్క కట్టే ప్యాకేజీని ఏ బ్యాంకూ ఊరందరికీ పంచిపెట్టదు. దాన్ని సంస్థ లోపలి టీములే వాడుకోవాలి. కాబట్టి ఒక మామూలు బిల్డు కూడా కనీసం రెండు చోట్ల నుంచి సరుకు తెచ్చుకుంటుంది: అందరిదైన బహిరంగ రిపోజిటరీ, సంస్థ సొంత రిపోజిటరీ. ఈ రెండూ కలిసిన చోట మూడు ప్రశ్నలు తలెత్తుతాయి. అడిగిన పేరు ఎవరిది? దాన్ని ఏ చోట అడగాలి? చేతికొచ్చింది అడిగినదేనని గుర్తుపట్టేది ఎలా?

దూరం ఖరీదు

అన్నిటికీ దూరంగా ఉన్న ఆస్ట్రేలియాలో రెండో ప్రశ్న, ఏ చోట అడగాలన్నది, మిగతా రెండిటికంటే ముందు వచ్చింది. 1989 జూన్‌లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుంచి హవాయి విశ్వవిద్యాలయానికి ఉపగ్రహం మీదుగా ఒక లింకు వేశారు. దేశాన్ని ఇంటర్నెట్‌కు శాశ్వతంగా కలిపినది అదే. మెల్‌బోర్న్ వైపు ఆ పని నడిపినవాడు రాబర్ట్ ఎల్జ్. లింకు వేగం సెకనుకు 56 కిలోబిట్లు. ఒక మెగాబైటు ఫైలు దాటడానికి, లైను మొత్తం దానికే వదిలినా, దాదాపు రెండున్నర నిమిషాలు. ఆ లైను దేశమంతటిదీ. ఒకే ఫైలును సిడ్నీలో ఒకరు, పెర్త్‌లో ఒకరు, బ్రిస్బేన్‌లో ఒకరు విడివిడిగా దింపుకుంటే మూడుసార్లు సముద్రం దాటినట్టే. ఒక్కసారి తెచ్చి దేశం లోపల ఒక చోట పెట్టి, అక్కడి నుంచి అందరూ తీసుకోవడం అవసరంగా పుట్టిన అలవాటు. ఇలాంటి నకలు రిపోజిటరీని మిర్రర్ అంటారు. విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ ఆర్‌నెట్ తరఫున డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్ ప్యాకేజీల మిర్రర్ నడుస్తూ వచ్చింది.

సముద్రగర్భ కేబుళ్లు వచ్చాక వేగం వేల రెట్లు పెరిగింది. దూరం మాత్రం తగ్గలేదు. సిడ్నీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 12,000 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి కేబుల్ తిన్నగా ఉన్నా 120 మిల్లీసెకన్లు. వంకర్లు, మధ్య యంత్రాలు కలిస్తే 150 దాకా. ఇది కంటికి తెలియని ఆలస్యం. కానీ బిల్డు 800 ప్రశ్నలు ఒకదాని తరవాత ఒకటి వేస్తే ఎదురుచూపే రెండు నిమిషాలు. ప్యాకేజీ మేనేజర్లు చాలా ప్రశ్నలు ఒకేసారి వేస్తాయి, ప్రధాన రిపోజిటరీలు ఊరూరా నకళ్లు దాచే క్యాష్ సర్వర్లు పెట్టాయి, కాబట్టి అసలు ఆలస్యం ఇంత ఉండదు. అయినా ఒక ప్యాకేజీ చేతికి వచ్చాకే దాని డిపెండెన్సీల పేర్లు తెలిసే చోట ప్రశ్నలు వరుసలోనే నిలబడాలి. సొంత రిపోజిటరీ అమెరికాలోనో ఐర్లండ్‌లోనో ఉంటే దానికి ఊరూరా క్యాష్ ఉండదు.

అందుకే రిపోజిటరీని బిల్డు నడిచే చోటే పెడతారు. అమెజాన్ క్లౌడ్ సంస్థ ఏడబ్ల్యూఎస్ సిడ్నీ కేంద్రం 2012లో తెరుచుకుంది; హైదరాబాదు కేంద్రం 2022 నవంబరులో, మెల్‌బోర్న్ కేంద్రం 2023 జనవరిలో మొదలయ్యాయి. సగం టీము హైదరాబాదులో, సగం మెల్‌బోర్న్‌లో ఉన్న సంస్థ రెండు చోట్లా ఒక్కో రిపోజిటరీ పెట్టి, ప్రచురణ ఒక చోటే జరిగేలా, రెండోది దాని నకలుగా ఉండేలా ఏర్పాటు చేసుకుంటుంది. రెండు చోట్లా ప్రచురించనిస్తే ఒకే వర్షన్ నంబరుతో రెండు వేరు వేరు మూటలు పుట్టే ప్రమాదం ఉంది.

తేడా మాత్రమే పంపడం

మిర్రర్ పెట్టగానే పని అయిపోదు. అసలు రిపోజిటరీ రోజూ మారుతుంటుంది. నకలును దానికి సమానంగా ఉంచాలి. అలాగని రోజూ మొత్తం దింపుకోలేరు. ఈ చిక్కుకు ప్రపంచమంతా వాడుతున్న పరిష్కారం కాన్‌బెర్రాలో తయారైంది. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996 జూన్‌లో ఆర్‌సింక్ అనే ప్రోగ్రాంను విడుదల చేశారు. నెమ్మది లైను మీద ఫైళ్లు పంపాల్సిన అవసరమే దానికి ప్రేరణ.

ఫైలు కొత్త ప్రతి ఒక కొసన, పాత ప్రతి మరో కొసన ఉన్నాయి. రెండూ ఒకేచోట లేకుండా తేడా కనిపెట్టాలి. ఆర్‌సింక్‌లో పాత ప్రతి ఉన్న కంప్యూటర్ తన ఫైలును సమాన ముక్కలుగా కోసి, ముక్కలను కాక వాటి చెక్‌సమ్‌లను పంపుతుంది. చెక్‌సమ్ అంటే ముక్కలోని బైట్ల నుంచి లెక్కగట్టిన చిన్న సంఖ్య. కొత్త ప్రతి ఉన్న కంప్యూటర్ తన ఫైలు మీద అంతే వెడల్పు కిటికీని ఒక్కో బైటు చొప్పున జరుపుతూ, కిటికీలో పడిన భాగం చెక్‌సమ్ ఆ జాబితాలో ఉందేమో చూస్తుంది. ఉంటే ఆ ముక్క అవతల ఉన్నట్టే, పంపనక్కరలేదు. జాబితాకు దొరకని బైట్లే లైను ఎక్కుతాయి.

కిటికీ జరిగిన ప్రతిసారీ కూడిక మొదటి నుంచి చేస్తే లెక్క తెమలదు. ఇక్కడే కిటుకు ఉంది. వరుసగా 4, 7, 2, 9, 5 అనే అంకెలున్నాయనుకుంటే, నాలుగంకెల మొదటి కిటికీ మొత్తం 22. కిటికీ ఒక అడుగు జరిగితే 4 పోయి 5 వస్తుంది: 22లోంచి 4 తీసి 5 కలిపితే 23. మొత్తం మళ్లీ కూడలేదు. ఒక తీసివేత, ఒక కూడిక. అసలు ఆర్‌సింక్ దీనితోపాటు అంకె స్థానాన్ని కూడా లెక్కలోకి తీసుకునే రెండో మొత్తాన్ని కలిపి 32 బిట్ల చెక్‌సమ్ చేస్తుంది. వేరు వేరు ముక్కలకు ఇది ఒకటే రావచ్చు. అందుకని కుదిరినట్టు కనిపించినప్పుడు మాత్రమే 128 బిట్ల బలమైన చెక్‌సమ్‌తో మళ్లీ సరిచూస్తుంది. మొదటి పరీక్ష చవక, రెండోది ఖరీదు. ఖరీదైన పరీక్ష అవసరమైన చోటే. ముక్కలో ఏముందో చూడకుండా చెక్‌సమ్‌తోనే దాన్ని గుర్తుపట్టే ఈ పద్ధతే ఇవాళ ప్యాకేజీల వేలిముద్రలకూ మూలసూత్రం.

"హెల్ప్" అన్న ఒక్క మాట

ప్యాకేజీగా మూట కట్టకముందు కోడు ఉండే చోటు వర్షన్ కంట్రోల్ రిపోజిటరీ. అందులో ప్రతి మార్పూ చరిత్రగా నిలుస్తుంది. 2002 నుంచి లినక్స్ కెర్నల్ కోడు బిట్‌కీపర్ అనే ప్రైవేటు సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. దాని ఉచిత లైసెన్సు తీసుకున్నవాళ్లు పోటీ పనిముట్లు తయారు చేయకూడదని షరతు. ట్రిడ్జెల్ బిట్‌కీపర్ వాడలేదు, కాబట్టి ఆ షరతు ఆయనను పట్టలేదు. బిట్‌కీపర్ సర్వర్‌లోంచి కోడు చరిత్రను బయటికి తీసే చిన్న ప్రోగ్రాం రాయబోయాడు. 2005 ఏప్రిల్‌లో కాన్‌బెర్రాలో జరిగిన ఆస్ట్రేలియా లినక్స్ సదస్సులో ఆ రహస్యం ఎంత తేలికో సభలోనే చూపించాడు: టెల్‌నెట్‌తో సర్వర్‌కు తగులుకుని "హెల్ప్" అని టైపు చేస్తే సర్వరే తన ఆదేశాల జాబితా ఇచ్చేసింది.

అప్పటికే బిట్‌కీపర్ కంపెనీ ఆయన ప్రయత్నానికి అభ్యంతరపడి ఉచిత లైసెన్సును ఆపేసింది. ఆ నెలలోనే లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను, మాట్ మాకల్ మెర్క్యూరియల్‌ను మొదలుపెట్టారు. గిట్‌లో ప్రతి మార్పుకూ పేరు మనుషులు పెట్టరు. మార్పులోని విషయం, దానికి ముందున్న చరిత్ర కలిపి లెక్కగట్టిన 40 అక్షరాల హ్యాష్ దాని పేరు. లోపల ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది.

మూడేళ్లకు మెర్క్యూరియల్ ప్రాజెక్టుల కోసం బిట్‌బకెట్ అనే సర్వీసు వచ్చింది. 2010లో దాన్ని సిడ్నీ కంపెనీ అట్లాసియన్ కొన్నది. 2011లో గిట్ కూడా చేర్చింది. అయిదుగురి దాకా ఉన్న చిన్న టీములకు ప్రైవేటు రిపోజిటరీలు ఎన్నైనా ఉచితంగా ఇవ్వడంతో చాలా కంపెనీల లోపలి ప్యాకేజీలు అక్కడికి చేరాయి. గిట్‌హబ్ ఉచిత ఖాతాలకు ప్రైవేటు రిపోజిటరీలు ఇచ్చింది 2019లో.

సొంత ప్యాకేజీని వాడుకోవడానికి అన్నిటికంటే సులువైన దారి ఇదే: వేరే సర్వర్ పెట్టకుండా, జాబితాలో గిట్ చిరునామా రాసెయ్యడం. కంపోజర్, ఎన్‌పీఎం, పిప్ మూడూ దీన్ని ఒప్పుకుంటాయి. రెండు మూడు ప్యాకేజీలున్న టీముకు ఇది చాలు. లోపాలు తరవాత బయటపడతాయి. గిట్‌లో వర్షన్‌ను సూచించే ట్యాగును, రాసే హక్కున్నవాళ్లెవరైనా ఒక మార్పు మీది నుంచి మరో మార్పు మీదికి జరపగలరు కాబట్టి నిన్నటి 1.4.2, నేటి 1.4.2 ఒకటి కాకపోవచ్చు. అందుకని ట్యాగుతో అడిగినా హ్యాష్‌ను రాసి పెట్టుకోవాలి. చిరునామా కూడా శాశ్వతం కాదు. బిట్‌బకెట్ 2020లో మెర్క్యూరియల్‌ను పూర్తిగా ఆపేసినప్పుడు, మెర్క్యూరియల్ చిరునామాలున్న జాబితాలన్నిటినీ జనం తిరగరాసుకోవాల్సి వచ్చింది.

సొంత కొట్టు

ప్యాకేజీలు పెరిగాక సంస్థలు నెక్సస్, ఆర్టిఫ్యాక్టరీ లాంటి రిపోజిటరీ సర్వర్ పెట్టుకుంటాయి. అందులో సాధారణంగా మూడు అరలుంటాయి. మొదటిది సంస్థ తయారుచేసినవి ప్రచురించే అర. ఒకసారి ప్రచురించిన వర్షన్‌ను మార్చకూడదు, చెరపకూడదు అన్నది దీని మొదటి నియమం. తప్పు దొర్లితే 1.4.3 వెయ్యాలి, 1.4.2ను దిద్దకూడదు. రెండోది ప్రాక్సీ. బహిరంగ ప్యాకేజీని ఎవరైనా మొదటిసారి అడిగినప్పుడు బయటి నుంచి తెచ్చి ఇచ్చి, ఒక నకలు అట్టిపెట్టుకుంటుంది. మిర్రర్ అన్నిటినీ ముందే తెస్తుంది, ప్రాక్సీ అడిగినవే తెస్తుంది. లెఫ్ట్‌ప్యాడ్ లాంటిది మాయమైనా ప్రాక్సీలో నకలు ఉంటుంది. మూడోది ఈ రెండిటినీ కలిపి ఒకే చిరునామాగా చూపే ఉమ్మడి అర. ప్రోగ్రామర్‌కు ఒక్క చిరునామా చాలు కాబట్టి ఇది హాయి. అసలు ప్రమాదం దాక్కున్నదీ ఇక్కడే.

ఒకే పేరు, ఇద్దరు యజమానులు

2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సన్ అనే భద్రతా పరిశోధకుడు తన ప్రయోగం వివరాలు ప్రచురించాడు. పెద్ద కంపెనీలు బయటపెట్టిన కోడులో వాటి లోపలి ప్యాకేజీల పేర్లు అక్కడక్కడా కనిపిస్తాయి. ఆ పేర్లు బహిరంగ రిపోజిటరీల్లో ఎవరూ తీసుకోలేదు. బిర్సన్ అవే పేర్లతో, పెద్ద వర్షన్ నంబర్లతో ప్యాకేజీలు పెట్టాడు. ఆపిల్, మైక్రోసాఫ్ట్, పేపాల్ సహా 35కు పైగా సంస్థల యంత్రాలు వాటిని దింపుకుని నడిపాయి. దీనికి డిపెండెన్సీ కన్‌ఫ్యూజన్ అని పేరు వచ్చింది.

ప్యాకేజీ మేనేజర్ ఇక్కడ చెడిపోలేదు, చెప్పినట్టే చేసింది. ఒక పేరు రెండు చోట్ల దొరికితే పెద్ద నంబరు ఉన్నదాన్ని కొత్తదిగా ఎంచడం చాలావాటి స్వభావం. 2022 డిసెంబరు 25 నుంచి 30 దాకా, కృత్రిమ మేధ పనులకు వాడే పైథాన్ ప్యాకేజీ పైటార్చ్ నైట్లీ (రోజూ కొత్తగా కట్టే ప్రయోగాత్మక) వర్షన్ విషయంలో ఇదే జరిగింది. టార్చ్‌ట్రైటన్ అనే దాని డిపెండెన్సీ పైటార్చ్ సొంత ఇండెక్స్‌లో ఉండేది; పైథాన్‌లో రిపోజిటరీని ఇండెక్స్ అంటారు. ఎవరో అదే పేరును బహిరంగ రిపోజిటరీ పైపీఐలో నమోదు చేశారు. ఆ రోజుల్లో నైట్లీని లినక్స్ మీద పిప్‌తో దింపుకున్నవాళ్లకు సమాచారం దొంగిలించే నకిలీ ప్యాకేజీ వచ్చింది.

ఒకే పేరు రెండు చోట్ల ఉంటే ఏం చేయాలన్నది ఒక్కో ప్యాకేజీ మేనేజర్‌లో ఒక్కో తీరు. పిప్‌లో అదనపు ఇండెక్స్‌గా ఇచ్చినది మొదటి దానితో సమానమే. అన్నిటినీ కలిపి చూసి పెద్ద నంబరు ఎంచుకుంటుంది. అందుకే పిప్ వాడే సంస్థలు అదనపు ఇండెక్స్ ఇవ్వకుండా, సొంత రిపోజిటరీ ఒక్కదాన్నే చూపించి, బయటి ప్యాకేజీలు కూడా దాని ప్రాక్సీ ద్వారానే రప్పిస్తాయి. పైథాన్‌కే కొత్తగా వచ్చిన మరో ప్యాకేజీ మేనేజర్ యూవీ, పేరు మొదట ఏ ఇండెక్స్‌లో దొరికితే అక్కడే ఆగుతుంది. కంపోజర్ కూడా 2020లో వచ్చిన రెండో వర్షన్ నుంచి అంతే: జాబితాలో ముందున్న రిపోజిటరీలో పేరు ఉంటే తరవాతి వాటిని అడగదు. ఎన్‌పీఎంలో పేరుకు ముందు స్కోప్ అనే ఇంటిపేరు పెట్టి, ఆ ఇంటిపేరున్నవన్నీ సొంత రిపోజిటరీ నుంచే రావాలని రాయవచ్చు. ఆ ఇంటిపేరును బహిరంగ రిపోజిటరీలోనూ తమ పేరనే నమోదు చేసి ఉంచడం మంచిది. మేవెన్ సెంట్రల్‌లో డొమైన్ తమదని రుజువు చేసుకున్నవాళ్లకే ఆ పేరుతో ప్రచురించే హక్కు.

గో భాషలో పేరు, చోటు వేరు కావు. ప్యాకేజీ పేరే దాని చిరునామా. అయినా అక్కడ మరో చిక్కు ఉంది. గో మామూలుగా గూగుల్ నడిపే బహిరంగ ప్రాక్సీని, చెక్‌సమ్ డేటాబేస్‌ను అడుగుతుంది. లోపలి ప్యాకేజీ పేరుతో అక్కడ అడిగితే జవాబు రాకపోయినా ఆ పేరు బయటి సర్వర్‌కు తెలిసిపోతుంది. గోప్రైవేట్ అనే సెట్టింగులో సంస్థ చిరునామా రాస్తే ఆ పేర్ల గురించి బయట అడగడం మానేస్తుంది.

లాక్‌ఫైల్

జాబితాలో "1.4.2 లేదా దానికి పైన, 2.0.0 లోపు" అని రాయడం మామూలు. అలా రాస్తే మంగళవారం బిల్డుకు 1.4.2, శుక్రవారం బిల్డుకు 1.5.0 రావచ్చు, కోడులో ఒక్క అక్షరం మారకుండానే ఫలితం మారుతుంది. దీన్ని ఆపేది లాక్‌ఫైల్. ఒకసారి లెక్క తేలాక, గొలుసులోని ప్రతి ప్యాకేజీకి ఖచ్చితమైన వర్షన్, తెచ్చిన చోటు, హ్యాష్ అందులో రాసి ఉంటాయి. ఎన్‌పీఎం లాక్‌ఫైల్‌లో ఈ హ్యాష్ సాధారణంగా 512 బిట్లది. తరవాతి బిల్డు లాక్‌ఫైల్‌లో ఉన్నదే తెస్తుంది. వచ్చిన మూట హ్యాష్ కలవకపోతే అక్కడే ఆగుతుంది. నకిలీ ప్యాకేజీ పేరు, నంబరు రెండూ అనుకరించగలదు, హ్యాష్‌ను అనుకరించలేదు.

దీనికి రెండు జాగ్రత్తలు కావాలి. బిల్డు సర్వర్‌లో లాక్‌ఫైల్‌ను తిరగరాసే ఆదేశం వాడకూడదు. ఎన్‌పీఎంలో "సీఐ", కంపోజర్‌లో "ఇన్‌స్టాల్" వాడాలి, "అప్‌డేట్" కాదు. లాక్‌ఫైల్‌లో చోటు కూడా ఉంటుంది కాబట్టి రిపోజిటరీ చిరునామా మారితే పాత చిరునామాలు అందులో మిగిలిపోతాయి. కొత్త సర్వర్‌కు మారిన వారాల తరవాత, పాత సర్వర్ ఆపేసిన రోజున బిల్డులు పడిపోవడానికి తరచు కారణం ఇదే.

తాళంచెవులు

సొంత రిపోజిటరీ అడిగినవాళ్లెవరో తెలుసుకున్నాకే తలుపు తీస్తుంది. మనుషులకు ఖాతాలుంటాయి, బిల్డు యంత్రానికి టోకెనో కీనో ఇవ్వాలి. దాన్ని కోడుతోపాటు రిపోజిటరీలో పెట్టడం అన్నిటికంటే మామూలు పొరపాటు. గిట్‌లో చరిత్ర దానంతటది చెరగదు కాబట్టి తరవాత తీసేసినా పాత మార్పుల్లో అది ఉంటుంది. జాబితాలో చిరునామా మాత్రమే ఉండాలి. టోకెన్ బిల్డు నడిచే వేళ యంత్రం వాతావరణంలోంచి రావాలి. ప్రోగ్రాంను దాని డిపెండెన్సీలతో సహా ఒకే మూటగా చేసే డాకర్ ఇమేజి కడుతున్నప్పుడు టోకెన్‌ను బిల్డు ఆర్గ్యుమెంటుగా ఇస్తే అది ఇమేజి చరిత్రలో మిగులుతుంది. తాత్కాలికంగా మాత్రమే అందించే సీక్రెట్ మౌంట్ పద్ధతి అందుకే వచ్చింది.

టోకెన్ చేతులు మారినా నష్టం తక్కువ ఉండాలంటే అధికారం కురచగా ఉండాలి. దింపుకునే యంత్రానికి ప్రచురించే హక్కు అక్కరలేదు. బిట్‌బకెట్‌లో ఒక్కో రిపోజిటరీకి ఇచ్చే యాక్సెస్ కీ చదవడానికే పనికొస్తుంది. మెల్‌బోర్న్‌లో పుట్టిన బిల్డ్‌కైట్ సర్వీసులో బిల్డు నడిపే ఏజెంట్‌ను వాడకందారు సొంత యంత్రం మీదే పెట్టుకోవచ్చు. అప్పుడు కోడు, రిపోజిటరీ తాళంచెవులు సంస్థ గోడ దాటి పోనక్కరలేదు.

ఆగడమా, తొందరపడటమా

2025 సెప్టెంబరులో చాక్, డీబగ్ అనే బాగా వాడుకలో ఉన్న ఎన్‌పీఎం ప్యాకేజీల నిర్వాహకుడి ఖాతా దొంగల చేతికి చిక్కి, విషపు వర్షన్లు బయటికొచ్చాయి. దాదాపు రెండు గంటల్లో తీసేశారు. అదే నెలలో షాయ్‌హులూద్ అనే పురుగు ఒక ప్యాకేజీలో దూరి, దొరికిన టోకెన్లతో మరిన్ని ప్యాకేజీలకు పాకింది. ఇలాంటివి చాలావరకు గంటల్లోనో రోజుల్లోనో బయటపడతాయి కాబట్టి, కొత్త వర్షన్‌ను ప్రాక్సీలో కొన్ని రోజులు ఆపి ఆ తరవాతే లోపలికి వదలడం ఒక రక్షణ.

కానీ ఆగడం కూడా ప్రమాదమే. 2021 డిసెంబరులో జావా ప్యాకేజీ లాగ్‌ఫోర్‌జేలో లొసుగు బయటపడినప్పుడు, ప్రతి గంటా దాడి చేసేవాళ్లకు అవకాశమైంది. ఆస్ట్రేలియన్ సిగ్నల్స్ డైరెక్టరేట్ 2017లో ప్రకటించిన ఎసెన్షియల్ ఎయిట్ అనే ఎనిమిది జాగ్రత్తల్లో సాఫ్ట్‌వేర్‌కు ప్యాచ్‌లు వేయడం ఒకటి. తీవ్రమైన లొసుగులకు 48 గంటల గడువు చెబుతుంది. కాబట్టి నియమం రెండు పాయలుగా ఉండాలి: మామూలు కొత్త వర్షన్లకు నిరీక్షణ, భద్రతా సవరణలకు మనిషి చూసి తెరిచే దగ్గరి దారి.

ఆ దారి తెరవాలంటే లొసుగున్న ప్యాకేజీ ఎక్కడెక్కడ ఉందో తెలియాలి. లాగ్‌ఫోర్‌జే వేళ చాలా సంస్థలకు అదే తెలియలేదు; గొలుసులో నాలుగైదు మెట్ల కింద ఉన్నదాన్ని ఎవరూ జాబితాలో రాయలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ప్యాకేజీలన్నిటినీ వర్షన్లతో చెప్పే పట్టికను ఎస్‌బామ్ అంటారు. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు దాన్ని వాడేవాళ్లకు ఇవ్వాలని సిగ్నల్స్ డైరెక్టరేట్ భద్రతా మాన్యువల్ చెబుతుంది. ఆస్ట్రేలియాలో బ్యాంకులు, బీమా సంస్థలకు 2019 జులై 1 నుంచి అమల్లో ఉన్న సీపీఎస్ 234 ప్రమాణం, బయటివాళ్ల చేతిలో ఉన్న సమాచార ఆస్తుల భద్రతకూ సంస్థనే బాధ్యురాలిని చేసింది. అన్ని ప్యాకేజీలూ ఒకే సొంత రిపోజిటరీ గుండా వస్తే ఈ పట్టిక తేలిక: ఏ ప్యాకేజీ, ఏ వర్షన్, ఏ రోజు, ఏ బిల్డు కోసం దిగిందో దాని లాగుల్లోనే ఉంటుంది. పట్టికలో ప్రతి వరుసకూ వర్షన్‌తోపాటు ఉండవలసిన గడులు మూడు: పేరు, తెచ్చిన చోటు, హ్యాష్.